ఒకటి నుంచి ఐదు దాకా

యూనివర్సిటీ నుంచి మెయిల్.
పట్టా చేతికొచ్చి ఎనిమిది నెలలైంది కదా,
ఉద్యోగంలో నీ తృప్తి ఎంతో
ఒకటి నుంచి ఐదు దాకా
ఏదో ఒక అంకె మీద గుర్తు పెట్టమని.

రాత్రి రెండుంపావు.
త్బిలిసి చివర, వర్కేతిలిలో,
లిఫ్టుల కంపెనీ నేలమాళిగలో ఒక్కదాన్నే.
ఎదురుగా నూట నలభై దీపాలు,
ఒక్కోటీ ఒక్కో పాత భవనం.
ఇక్కడ లిఫ్టుకి నాణెం వెయ్యాలి.
నాణెం మింగి అది మధ్యలో మొరాయిస్తే
నా ముందు ఎర్రగా వెలుగుతుంది.

నేను చదివింది హిమానీనదాల గురించి.
స్వనేతి కొండల్లో మంచు
ఏడాదికెన్ని మూరలు వెనక్కి తగ్గుతోందో
నిద్రలో లేపి అడిగినా చెప్తాను.
ఎవరూ లేపలేదు.

పదకొండు ఇంటర్వ్యూలు.
ఏడో దాని తర్వాత
అద్దంలో నా మొహమే నాకు
"మేమే కబురు చేస్తాం" అన్నట్టు కనిపించేది.
తొమ్మిదో దానికి గేటు దాకా నడిచి,
పొద్దుతిరుగుడు గింజలు కొనుక్కుని వెనక్కొచ్చేశాను.
ఇంట్లో మాత్రం బాగానే జరిగిందన్నాను.

వఖుష్టికి బ్యాంకులో కొలువు,
మెడలో నీలం తాడు.
ఆదివారం పొద్దుగూకితే చాలు
కడుపులో ఎవరో తడిగుడ్డ పిండినట్టుంటుందట.
అతని జీతమెంతో విన్నాక
నాకూ అక్కడే పిండినట్టయింది.
ఫోన్లో కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

ముప్ఫై ఏడో దీపం.
ఆరో అంతస్తుకీ ఏడుకీ మధ్య, బేకరీకి బయల్దేరిన పెద్దాయన.
"పడిపోతానా అమ్మాయ్?"
"పడరు. బ్రేకు పట్టుకుంది. జుంబెర్ వస్తున్నాడు."
"వచ్చేదాకా ఏదో ఒకటి మాట్లాడు."

నాకు తెలిసిందొక్కటే.
మంచు గడ్డకట్టి ఆగినట్టే ఉంటుంది తాతా,
కానీ రోజూ బెత్తెడు నడుస్తుంది, అన్నాను.
"ఎటు?"
"కిందికి."
"ఇప్పుడా చెప్పేది!" అని
ఆ ఇనప పెట్టె అదిరేలా నవ్వాడు.
ఇరవై రెండు నిమిషాలు, మొత్తం చెప్పాను,
చీలికలూ, నీలిరంగూ, నా ప్రాజెక్టులో తప్పిన లెక్కతో సహా.
తలుపు తెరుచుకుంటుంటే అడిగాడు,
"మరి ఆ తప్పు దిద్దావా?"

దిద్దలేదు.

నవ్వు తలుచుకుని నాలుగు మీద గుర్తు పెట్టాను.
అద్దె తలుచుకుని మూడుకి జరిపాను.
మూడుకీ నాలుగుకీ మధ్య
ఆగడానికి ఆ పేజీలో చోటు లేదు.

తొంభై ఒకటో దీపం.