మూడో ఏటి కోత

"నా అలమారాలో ఇంకేం లేవు, చలపతీ"
అంది డాక్టరమ్మ విట్‌కూమ్,
రెండు అరచేతులూ బల్ల మీద బోర్లించి.
ఆవిడ గోళ్ళ కింద మట్టి ఉంది.
తొమ్మిదేళ్ళుగా నా నెత్తురు లెక్కలు చదివిన మనిషి
తోటపని చేస్తుందని ఆ రోజే తెలిసింది నాకు.

కోత అయింది. కిరణాలు అయ్యాయి.
పొట్ట చర్మం కింద మూణ్ణెల్లకో సూది,
మగతనాన్ని మెయిన్ స్విచ్ దగ్గరే ఆపేసే సూది,
అదీ పనిచెయ్యడం మానేసింది.
జీలాంగ్ ఫోర్డు కంపెనీలో పాతికేళ్ళు
ఫ్యూజులు మారుస్తూ బతికినవాణ్ణి,
ఏది ఎప్పుడు కాలిపోతుందో నాకు ఒకరు చెప్పాలా.

ఆ సూదుల కాలంలో
అర్ధరాత్రి నిలువెల్లా ఆవిరి తన్నుకొచ్చేది.
తాయారు తన పాత ఫ్యాను నా వైపు తిప్పి
"నాకు వచ్చినప్పుడు నువ్వు నవ్వావు, గుర్తుందా?"
అనేది.
గుర్తుంది.
పెళ్ళినాటి వేడి కాదు లెండి, వేరే రకం,
అయినా ఇద్దరం పంచుకున్నాం.

ఎముకల ఫోటోలో
నడుం దగ్గరా పక్కటెముకల మీదా
కాల్చిన అప్పడం మీది మచ్చలు.
ఈ జబ్బు పేరుకు అర్థం పీతట.
పీత కష్టాలు పీతవి.
నేను పోతే దానికి మాత్రం ఇల్లెక్కడుంది, పాపం.

అలమారా ఖాళీ అని తెలియగానే
తలా ఓ సీసా తెచ్చారు.
దానిమ్మ రసం. లక్ష్మణఫలం ఆకులు.
మెల్‌బోర్న్ నుంచి మా వేలువిడిచిన బావ
ఏదో పుట్టగొడుగుల పొడీ,
చక్కెర మానమని ఒక ఉపన్యాసమూ.
చక్కెర మానలేదు. పొడి తిన్నాను,
తెచ్చినవాడి మొహం చూసి.
దానిమ్మ మాత్రం బావుంటుంది,
గింజలు వలిచిన తాయారు వేళ్ళు
సాయంత్రం దాకా ఎర్రగానే ఉంటాయి.

మంగళవారాలు ఈస్టర్న్ బీచ్‌లో
మెర్వ్, గ్రీకు కాస్టాస్, నేను.
ముగ్గురిదీ ఒకటే జబ్బు.
మొదటి మరుగుదొడ్డి నుంచి రెండో మరుగుదొడ్డి దాకా,
అదే మా యాత్ర.
మెర్వ్‌కి చెవుడు. ఓడలకు వినబడేలా
"ఎంత?" అంటాడు, నెత్తుట్లో అంకె.
"నాలుగొందల పన్నెండు" అంటే
"గెలిచావురా" అని చెయ్యి కలుపుతాడు.

చలి మొదలైన వారం మెర్వ్ రాలేదు.
కబురు వచ్చాక కూడా మేం నడిచాం,
రెండో మరుగుదొడ్డి దాకా, వెనక్కి.
ఎవరూ అంకె అడగలేదు.

ఆగస్టులో నర్సరీకి వెళ్ళి
ఆస్పరాగస్ వేళ్ళు కొన్నాను.
మన పిల్లిపీచరకు దూరపు చెల్లెలు,
ఎండిన సాలీళ్ళలా ఉంటాయి.
"రెండేళ్ళు ముట్టుకోకూడదు,
మూడో ఏడాదే కోత" అంది గల్లాపెట్టె దగ్గరి పిల్ల,
నన్ను చూసి కాదు, చీటీ చూసి.
డాక్టరమ్మ నాకిచ్చింది ఏడాది,
అదీ కాస్త మొహమాటపడి.

తవ్వడం నావల్ల కాలేదు.
తాయారు తవ్వింది, నన్ను తిడుతూ.
నేను మడతకుర్చీలో కూర్చుని
జానెడు లోతు, ఇంకాస్త, ఇంకాస్త
అని పెత్తనం చేశాను.
ఇందులో వేదాంతం ఏమీ లేదు.
ఆ కూర నాకు ఇష్టం కూడా లేదు.
ఆమెకిష్టం.

రాత్రి నాలుగుసార్లు లేస్తాను.
కిటికీలోంచి కనిపిస్తాయి
గోధుమలకోసం రేవులో ఆగిన ఓడల దీపాలు.
గోడ పట్టుకుని తిరిగొస్తుంటే
చీకట్లోంచి ఆమె గొంతు:
"ఎన్నోసారి?"
"రెండు" అంటాను.
మూడు.
లెక్క ఆమెకూ తెలుసు.
ఏమీ అనదు. తను వెచ్చబెట్టిన చోటు నాకు వదిలి
చల్లటి వైపుకి జరుగుతుంది.