కారణం: ఊహించినట్టు లేదు

వూచ్ నగరం చివర, ట్రాము ఇక ముందుకు పోని చోట
రేకుల కప్పు కింద
జర్మనీ విడిచిన బట్టలు వచ్చి పడతాయి.
యాగోదా ఒక్కో అట్టపెట్టె కోస్తుంది.
బట్టకి తొంభై సెకన్లు.

ముందు చంక దగ్గర ముక్కు పెట్టాలి.
తర్వాత మెడపట్టీ: లిప్‌స్టిక్కు, పౌడరు.
ఆ తర్వాత ధర అట్ట వేలాడే దారం.
తెంపి మళ్లీ ముడేసిన చెయ్యి
ఎంత పనితనం గలదైనా
ముడి చెప్పేస్తుంది.

అంచు మడతలో ఒక బియ్యపు గింజ, ఎవరి పెళ్లిదో.
తెల్ల ప్యాంటు జేబులో చారెడు సముద్రపు ఇసుక.
తళుకుల గౌను వీపు మీద
పొగ, చెమట, డిసెంబరు ముప్పయ్యొకటి.
జత చేసిన కాగితాల్లో మాత్రం ఒకటే మాట:
సైజు సరిపోలేదు.

కొత్తబట్ట అంచుకు పసుపు రాసే అలవాటు
ఆ దేశాల్లో లేదు.
ఉంటే ఈ హాలు సగం ఖాళీ.

పక్క బల్ల వియెస్వావా నవ్వుతుంది,
"కంపెనీకేం పోయిందే?
దోమ వాలితే ఏనుక్కి తెలుస్తుందా?"
నిజమే. నిరుడు అమ్ముడుపోని కోట్లని
మడత విప్పకుండానే ముక్కలు కొట్టించిన ఏనుగు అది.
కానీ దోమ
తోలు పల్చగా ఉన్నచోటే కుడుతుంది.
మరక చూడక 'ఏ' వేసిన ప్రతిసారీ
తెగేది యాగోదా బోనసు.

గురువారం, మధ్యాహ్నం షిఫ్టు.
నల్ల గౌను, నలభై నాలుగు సైజు.
చెమట వాసన లేదు. చలిలో కదలకుండా నిలబడిన బట్ట.
చేతి అంచున కాస్త లిల్లీ పుప్పొడి.
జేబులో మడిచిన కార్డు:
వాల్ట్రౌట్ హిన్‌రిక్స్.
రెండు తేదీలు, నడుమ చిన్న గీత.
ఫొటోలో ముసలావిడ ఎవర్నో చూసి నవ్వుతోంది,
ఫొటో తీస్తున్నవాళ్లనే కావచ్చు.
కాగితంలో కారణం:
ఊహించినట్టు లేదు.

నెత్తిమీద ఎర్రదీపం వెలిగింది. తొంభై దాటాయి.

ఐదేళ్ల కిందట, మే నెల,
కొడుకు తొలి సత్ప్రసాదం రోజున
యాగోదా కూడా.
పెద్ద దుకాణంలో కొన్న మీగడరంగు కోటు.
ధర అట్ట చేతి లోపల దాచి
పొద్దంతా మోచెయ్యి ఒంటికి అతికించుకుని తిరిగింది.
ఎరువు సొమ్ము బరువు చేటు.
ఆ అట్ట బరువెంతని, ఎండుటాకంత.
చర్చి మెట్ల మీంచి తిమెక్ పరిగెత్తుకొచ్చాడు
రెండు చేతుల నిండా చాక్లెట్టుతో.
వద్దు వద్దు, కోటు, అని
అరచెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

సోమవారం దుకాణంలో పిల్ల
కోటు తిప్పి చూసింది. వాసన చూసింది.
యాగోదా ముఖం చూసింది.
ఏమీ అనకుండా డబ్బు లెక్కపెట్టింది,
నాలుగు వందల ఇరవై జ్లోతీలు, ఒక్కటీ తగ్గకుండా.
ఆ పిల్ల ఏమైనా అనుంటే బాగుండేది.
తిమెక్‌కి ఇప్పుడు పదమూడు.
పరిగెత్తుకు రాడు.

ఇక ఈ నల్ల గౌను.
ఎవరామె, కొనుక్కునే స్తోమత లేకనా,
లేక ఆ మధ్యాహ్నాన్ని
బీరువాలో పెట్టుకు బతకలేకనా?
కాగితంలో అలాంటి గడి లేదు.
'సి' వేస్తే చీలికలై ఏ కారు సీటులోనో కుక్కుతారు.
'ఏ' వేస్తే ఇంకో ఊళ్లో ఇంకొకామె
కొత్తదనుకుని విందుకి వేసుకుంటుంది.

పుప్పొడిని టేపుతో ఎత్తింది.
ఆవిరి పట్టింది.
కొత్త అట్ట, కొత్త దారం, కొత్త ముడి.
'ఏ'.
ఒక్కతే ఆడిన అబద్ధం
ఇప్పుడు ఇద్దరిది.
కార్డుకి మాత్రం ఏ అక్షరమూ లేదు,
ఏప్రాను జేబులో వేసుకుంది.

రాత్రి పదింటికి గేటు దగ్గర
కాపలా రాదొస్వావ్ అందరి జేబులూ తడుముతాడు,
నూలుపోగు కూడా బయటికి పోకూడదు.
కార్డు తీసి దీపం కింద పెట్టి చూశాడు.
"మీవాళ్లా?"
"కాదు," అంది యాగోదా,
"తిరిగివ్వాలి."

ఎవరికి, అని అతను అడగలేదు.