నురగ రానిది

క్లైపెడా రేవు పోస్టాఫీసు, మూడో కిటికీ.
అద్దానికి ఇటువైపు నేను.
స్టాంపుల కోసం వచ్చిన ముసలావిడ
చిల్లర లెక్కపెట్టడం ఆపి
"ఏడ్చావా తల్లీ?" అంటుంది.
లేదండీ, ముఖం కడుక్కున్నాను.

నిజమే చెప్పాను. ఎవరు నమ్ముతారు?
నా బుగ్గల మీద పేలాలు వేయించుకోవచ్చు.
పై అధికారి అందులో కోపం చదువుకున్నాడు,
పార్సిళ్ళ కుర్రాడు సిగ్గు చదువుకున్నాడు,
మా ఆయన ఒకసారి
ఏదో దాస్తున్నానని రాత్రంతా ముభావంగా ఉన్నాడు.
నేను రాయని ఉత్తరాన్ని
ఊరంతా విప్పి చదివింది.

బాత్రూం గట్టుమీద సీసాలు.
గులాబీది మండించింది.
చామంతిది దురద పెట్టింది.
పసిపాపలదని కొన్నది
కనురెప్పలు ఉబ్బించి రెండు కిటికీలూ మూసేసింది.
"అతి సున్నితం" అని వెండి అక్షరాల్లో రాసుకున్నది
అన్నిటికన్నా మొరటుది.
ప్రకృతి సిద్ధం, వాడి చూడు, అన్నారు.
దురదగొండి మాత్రం
ఫ్యాక్టరీలో తయారవుతుందా?

గింటారస్ తన స్టాంపుల భూతద్దం తెచ్చి
సీసాల వెనక చీమ తలకాయంత అక్షరాల్ని
కూడబలుక్కుని చదివేవాడు.
చివర్లో "పరిమళం" అని ఒక్క మాట.
"ఈ ఒక్క పేరు వెనక ఎంతమంది నక్కారో" అని
భూతద్దం తుడుచుకునేవాడు.

నవంబరులో ఆస్పత్రి.
నర్సు వైవా నా వీపు మీద గళ్ళు గీసి
గడికో చుక్క పెట్టి పట్టీలు అతికించింది.
స్నానం లేదు, చెమట పట్టకూడదు,
కుర్చీకి ఆనుకోకూడదు.
వీపు మీద అంకెలు మోసుకుంటూ
అందరి కవర్ల మీదా ముద్రలు కొట్టాను.
బుధవారం పట్టీలు ఊడదీసింది.
శుక్రవారం దీపం దగ్గరకి జరిపి చదివింది:
పద్దెనిమిదో గడి, ఎరుపు. అవి సుగంధాలు.
ముప్ఫై ఒకటి, ఇంకా ఎరుపు. తేనెపట్టు జిగురు.
"మీవాళ్ళలో తేనెటీగలు పెంచేవాళ్ళున్నారా?"

ఔద్రోనే.
మా ఆడబిడ్డ. నేమునాస్ ఒడ్డున పన్నెండు తేనెపెట్టెలు.
ప్రతి క్రిస్మస్‌కీ తన చేత్తో పోసిన సబ్బులు,
నారబట్టలో చుట్టి, బట్ట మీద నా పేరు కుట్టి.
పదకొండేళ్ళు.
మండిన చోటల్లా మళ్ళీ అదే రుద్దాను,
మందనుకుని.
తేనె పూసిన కత్తి అంటారే,
కత్తి లేదు పాపం. ఉన్నది తేనే.

ఆ మాట ఆమెతో చెప్పడానికి
మూడు వారాలు పట్టింది.
ఫోన్లో అవతల ఏమీ వినపడలేదు,
టీ కెటిల్ కూత తప్ప.

మందుల షాపులో అట్టడుగు అర.
వంగితే తప్ప కనపడని తెల్లటి గొట్టం.
పువ్వు బొమ్మ లేదు, వాసన లేదు,
నురగ కూడా రాదని
షాపమ్మాయి తన తప్పన్నట్టు చెప్పింది.
ముందు మోచేతి మడతలో శనగగింజంత,
వారం రోజులు, పొద్దునా రాత్రీ.
తర్వాత చెవి కింద.
ఆ తర్వాతే బుగ్గ మీదికి,
గోరువెచ్చని నీళ్ళతో,
రుద్దకుండా, తువాలుతో అద్దుకుంటూ.

మధ్యాహ్నం గింటారస్ ఫోను: "ఏమైంది?"
ఏమీ కాలేదు.
సాయంత్రం మళ్ళీ: "ఇప్పుడో?"
ఏమీ కాలేదు.
ఇంత చప్పటి కబురుకి
ఆ రాత్రి మేం కేకు కోసుకున్నాం.

ఫిబ్రవరిలో ఔద్రోనే వచ్చింది,
బూట్ల మంచు గడప మీద దులుపుకుంటూ.
ఎప్పటిలా నా బుగ్గలు పుణకబోయి
ఆగిపోయింది.
చేతులు వెనక్కి దాచుకుంది,
జామ్ సీసాలో వేలుపెట్టి దొరికిపోయిన పిల్లలా.
తిన్నగా బాత్రూంలోకి వెళ్ళింది.
చాలాసేపు కుళాయి చప్పుడు.
"ఇదేం సబ్బే, ఒక్క బుడగైనా రాదు!" అని
లోపల్నుంచి కేక.
తర్వాత తడి వేళ్ళతో వచ్చి,
ఏ పూల వాసనా లేని ఆ చేతుల్తో
నా ముఖం పట్టుకుంది.

ఎర్రబడ్డాను.
అది సబ్బు కాదు.