ఎండుగడ్డి పెట్టె

పగుళ్ళు కొలవడం నా ఉద్యోగం.
గ్రోనింగెన్ చుట్టుపక్కల పల్లెల్లో
కాలవ గట్టు ఇటుక ఇళ్ళకి వెళ్ళి
గోడకి స్కేలు ఆనించి
మిల్లీమీటర్లు రాసుకుంటాను.
అరవై ఏళ్ళు కిందనుంచి గ్యాస్ తోడేశాక
నేల లోపల డొల్లబడి
అప్పుడప్పుడూ ఒళ్ళు విరుచుకుంటుంది.
అలమరలో పింగాణీ గలగలమంటుంది.
ఆ తర్వాత నేను వస్తాను.

ఫ్రౌకె వీర్సెమా ఇంటికి ఇది మూడోసారి.
పడకగది మూల పగులు
మార్చిలో నాలుగు, ఇప్పుడు ఏడు.
"అది ఎదుగుతోంది, నేను కుంగుతున్నాను,
ఇద్దరి లెక్కా రాసుకో" అంది.

వంటింట్లో పొయ్యి మీద బఠాణీలు.
పది నిమిషాలు కుతకుతలాడనిచ్చి
టక్కున మంట ఆర్పేసింది.
అవింకా పలుకు మీదే ఉన్నాయి,
చెప్పబోయాను.
ఆమె గిన్నెని రెండు చెవులూ పట్టుకుని
బల్ల కింది చెక్కపెట్టెలోకి దించింది.
పెట్టె నిండా ఎండుగడ్డి.
పైన కంబళి, కంబళి మీద దిండు,
దిండు మీద హార్మానుస్ కోటు.
ఆయన పోయి ఆరేళ్ళు,
కోటుకి మాత్రం ఇంకా పని ఉంది.
గడ్డిలో కాయలు మగ్గేసినట్టు
వేడిని మగ్గేసింది.

"ఇక మనం చేసేదేమీ లేదు."
ఏమీ చేయకపోవడం కూడా వంటేనని
నలభై నాలుగేళ్ళొచ్చినా
నాకెవరూ చెప్పలేదు.

ఆ పెట్టె వాళ్ళమ్మమ్మది.
యుద్ధంలో, బొగ్గు దొరకని చలికాలం నాటిది.
గ్యాస్ గొట్టాలు రాగానే అటకెక్కింది.
నీలిమంట వెలిగిన రోజు
ఇరుగుపొరుగుని పిలిచి కేకు కోశారట.
మొదటిసారి ఇల్లు ఊగిన రాత్రి
నిచ్చెనేసుకుని ఆమే దాన్ని కిందికి దించిందట.
"కోపంతోనా?"
"కోపంతో కూడా.
అయినా బఠాణీలు ఇందులోనే బాగా ఉడుకుతాయి."

కాస్త ఎగతాళిగానే అన్నాననుకుంటా,
ఒక్క గిన్నె పప్పుతో ఏమాగుతుందని.
నా వేలు పట్టుకుని పగులు మీద పెట్టింది.
"ఇదెంత?"
"ఏడు మిల్లీమీటర్లు."
"దీనికోసం నలభై కిలోమీటర్లు
కారేసుకొచ్చావు. చిన్నదని మానేశావా?"
ఆగి, కిటికీ వైపు తల తిప్పి,
"బయట ఆ కారు
ఎవరి కోసం ఉడుకుతోంది?"

నిజమే. ఇంజను ఆపలేదు.
పది నిమిషాల పనే కదా,
అద్దాల మీద మంచు కడుతుందని.
వెళ్ళి ఆపాను.
వీధంతా ఎంత నిశ్శబ్దమైందంటే
కాలవలో బాతు ఈదడం వినిపించింది.

ఆ వీధిలో ఇంకా నాలుగిళ్ళు కొలవాలి.
హార్మానుస్ సైకిలిచ్చింది.
చైను తుప్పు, ముందు బ్రేకు పేరుకే,
ఎదురుగాలి ముఖాన చాచి కొడుతోంది.
తిట్టుకుంటూనే తొక్కాను.
మూడో ఇంటి దగ్గర ఒంట్లో చెమట పట్టి
కోటు విప్పి క్యారేజీకి కట్టాను.

తిరిగొచ్చేసరికి ఒంటిగంట దాటింది.
కోటు తీసింది, దిండు తీసింది, కంబళి తీసింది.
మూత ఎత్తగానే
ఆవిరికి నా కళ్ళద్దాలు మసకేశాయి.
గరిటె తగలగానే చిదిగిపోయాయి బఠాణీలు.
రెండు గిన్నెలు తిన్నాను.

రిపోర్టులో "ఇతర పరిశీలనలు" అనే గడి
ఎప్పుడూ ఖాళీగా వదిలేస్తాను.
ఆ రోజు రాశాను:
మంట ఆర్పి మూడు గంటలు. గిన్నె ఇంకా వేడిగా ఉంది.
సంబంధం లేని విషయమని
ఆఫీసు ఎర్రసిరాతో తిప్పి పంపింది.

ఎండుగడ్డి నాకెక్కడిది, ఉండేది నాలుగో అంతస్తు.
ఆదివారం నాడు
చిక్కుడుగింజల గిన్నెని
క్యాంపింగుకి కొన్న స్లీపింగ్ బ్యాగులో దూర్చి
మెడదాకా జిప్పు లాగాను.
లీస్‌బెత్ దాని పక్కన కూర్చుని
జ్వరమా అని నుదురు తాకినట్టు తాకి నవ్వింది.

సాయంత్రానికి సగం ఉడికాయి, సగం రాళ్ళు.
గడ్డి లేక కాదు.
మధ్యలో రెండుసార్లు
మూత తీసి చూశాను,
కొలిచే చెయ్యి కదా.