బోర్లా పెట్టిన ఫోను

రిచీ స్ట్రీట్‌లో మూడో సందు,
మెట్ల కింద నా బల్ల.
మూడడుగుల వెడల్పు, పైన భూతద్దం దీపం,
డబ్బా నిండా నువ్వుగింజలంత మరలు.

ఇరవై రెండేళ్లుగా ఇదే పని.
ఫోను చేతికిస్తే చాలు, కొంత తెలిసిపోతుంది:
బొటనవేలు రుద్ది రుద్ది పూత లేచిన మూల,
దిండు కింద ఉడికి ఉబ్బిన బ్యాటరీ,
ఛార్జింగ్ రంధ్రంలో దుప్పటి నూలు.
రాత్రి మూడింటికి ఏ పిల్లలు మేలుకున్నారో
వాళ్ల అమ్మకన్నా ముందు నాకు తెలుస్తుంది.
చెప్పను. అడిగినవాళ్లూ లేరు.

ఆ సాయంత్రం వాన.
సందులో చీలమండల దాకా నీళ్లు.
స్కూలు యూనిఫాం మీద
ఎవరిదో పెద్ద రెయిన్‌కోటు వేసుకుని ఓ పిల్ల వచ్చింది.
చీటీలో పేరు గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది.
ధరణి, అని రాసింది.
ఇందులో ఉన్నదంతా చెరిపేయాలి, ఎంతవుతుందని
అరవంలో అడిగింది.
ఆమె గుప్పిట్లో అది వణుకుతూనే ఉంది, మోత లేకుండా.

"ధరణీ" అని పిలిచాను. తిరగలేదు.
మళ్లీ పిలిచాను.
గోడవైపు మొహం పెట్టి ఎవరికో చెబుతోంది,
తెలుగులో:
"ట్యూషన్‌లోనే ఉన్నానమ్మా. తిన్నాను.
లేదు, ఏడవట్లేదు. జలుబు."

నాది వ్యాసర్పాడి తెలుగు.
సగం అరవం, సగం మా అవ్వది.
అవ్వ సగంతో అడిగాను:
ఏమైంది తల్లీ?

పక్క కొట్లో ఎవరో స్పీకర్ పరీక్షిస్తున్నారు.
అది ఆగేదాకా ఆగింది.
"దీన్ని పగలగొడితే
వాడి దగ్గరున్నవి కూడా పోతాయా, అన్నా?"

బావిలో పడ్డవాటిని లేపాను,
లారీ చక్రం కిందివాటినీ లేపాను.
ఈ ప్రశ్నకు సరిపడే స్క్రూడ్రైవరు
నా దగ్గర లేదు.

పోవు, అన్నాను.
అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.
ఫోను తీసుకుని
నీలం రబ్బరు చాప మీద బోర్లా పెట్టాను.
తెర చూడలేదు.
నేను చూడకపోవడం ఆమె చూసింది.

చెరపొద్దమ్మా. అవి వాడి వేలిముద్రలు.
బెదిరించిన ప్రతి మాటా, అడిగిన ప్రతి రూపాయీ
తారీకుతో సహా ఉండనీ.
"నేనే కదా పంపింది" అంది, నేలకేసి.
నమ్మి పంపావు.
తాళంచెవి ఇచ్చిన చేతిది కాదు తల్లీ దొంగతనం.

ఎదురు కొట్టు రాజామణి అక్కని కేకేశాను.
ఛార్జర్లు అమ్ముతుంది,
బేరంలో పోలీసుల్ని కూడా ఏడిపిస్తుంది.
వచ్చి, స్టూలు లాక్కుని, ఏమీ అడక్కుండా
టీలో బిస్కెట్టు ముంచి పిల్ల చేతికిచ్చింది.
"ఊడి పడేలోపు తిను."
నవ్వబోయి ఏడ్చింది పిల్ల.

దీపావళి రద్దీలోనూ తొమ్మిదికి ముందు
షట్టర్ దించని మనిషి
ఆవాళ ఆరున్నరకే దించింది.
"ముందు మీ అమ్మ దగ్గరికి. తర్వాత స్టేషనుకి. నేనూ వస్తా."
ఒకే రెయిన్‌కోటు నెత్తిన పరుచుకుని
ఇద్దరూ నీళ్లలోకి దిగారు.

రాత్రి ఇంటికెళ్లేసరికి
మావాడి దుప్పటి లోపల వెలుగు.
రోజూలా లాక్కోబోయిన చెయ్యి ఆగింది.
పక్కన కూర్చుని, ఎవరితోరా, అన్నాను.
అరవకుండా ఆ మాట అనడం
నాకింకా సరిగా రాదు.
వాడు కూడా అనుమానంగానే చూశాడు.

తర్వాత ఏమైందో నాకు పూర్తిగా తెలీదు.
కేసు నడుస్తోందంటుంది అక్క.
పోయిన వారం మంచి ఎండలో వచ్చింది,
తెర మీది అద్దం మార్చాలట.
చీటీ ఇచ్చాను. ఈసారి పెన్ను ఆగలేదు.
పని అయ్యాక చదివి పిలిచాను,
"వకుళా..."

పేరు పూర్తి కాకముందే తిరిగింది.