పంపు కాడ రాత్రి డ్యూటీ

దొమ్మసంద్ర దాటినాక మూడో మలుపు.
రేకుల కంచె మీద నవ్వే కుటుంబం బొమ్మ.
కింద అంగళ్లు, నడుమ ఆఫీసులు, పైన ఇండ్లు,
ఇండ్ల నెత్తిన ఈతకొలను.
అన్నీ ఒక్క చోటేనంట,
ఇంక గేటు దాటే పనే లేదంట.

ఇప్పటికి ఉండేది గుంత.
నలభై రెండు అడుగుల గుంత.
అందులో నా ఉద్యోగం
నీళ్లను నిలవనీకపోవడం.

నాది కదిరి పక్క.
మా చేన్లో ఆరు బోర్లు.
నాలుగోదానికి పాయింటు చూసినాయన
అరచేతిలో టెంకాయ నిలబడి తిరిగింది,
"మూడించుల నీళ్లప్పా" అన్నాడు కండ్లు మూసుకుని.
తొమ్మిది వందల అడుగులకు
తెల్లటి పిండి లేచింది.
రిగ్గు మనిషి మొహం తుడుచుకున్నాడు, నేను తుడుచుకోలేదు.
ఆ పిండి చాన్నాళ్లు మా సంగట్లో
పంటికింద కరకరమంది.

ఇక్కడ ఎవరూ టెంకాయ పట్టలేదు.
జేసీబీ పండ్లకే ఊట తగిలింది.
రాతి నెర్రెలోంచి మొదట
జలుబు చేసిన చంటిదాని ముక్కులా,
తర్వాత ఆగకుండా.
సుహాస్ సారు హెల్మెట్టు తీసి
"ఛీ, నీళ్లు" అన్నాడు.
ఆ రెండు మాటలు ఒకే నోట్లో పక్కపక్కన
నేనెప్పుడూ వినలేదు.

అప్పట్నుంచి నాలుగు పంపులు.
నీలం పైపు రోడ్డు దాటి
రాజకాలువలో దూకుతుంది,
సబ్బు నురగలో కలిసి పేరు పోగొట్టుకుంటుంది.
నెలకు పద్దెనిమిది వేలు.
నీళ్లు పడని బోర్ల అప్పు
నీళ్లు పారబోసి తీరుస్తున్నా.

రేకులకు ఆ పక్క మునియల్లప్ప ద్రాక్షతోట.
తోటంటే ఇప్పుడు రాతి కూసాలు, తుప్పు తీగలు.
పోయిన నెల ఆయన బోరు ఎండింది.
ఆయన తెలుగు మా తెలుగు కాదు,
కన్నడం కలిసి సాగుతుంది.
రేకు సందులోంచి ఒకనాడు చెయ్యి పెట్టి
"ఏమప్పా, ఆ పైపు మొగం ఇట్ల తిప్పేకి అవుతుందా?"
ఆఫీసులో అడిగినా.
పైపు కాలువకే పోవాలని ఫైల్లో ఉందంట.
నీళ్లకు చదువొచ్చో రాదో నాకు తెలీదు.

పొద్దున ఏడుకు ట్యాంకరొస్తుంది,
కాంక్రీటు తడిపేకి కొన్న నీళ్లు.
యాడివని డ్రైవరు షణ్ముగాన్ని అడిగితే
"ఇదే రోడ్డు, ఇంకో గుంత" అని నవ్వినాడు.

మొన్న అమావాస్య,
మూడు గంటలప్పుడు కరెంటు పోయింది.
జనరేటరు మీట నా చేతి దూరం.
లేచినా.
నిలబడినా.
నాలుగు పంపులు ఒక్కసారి నోరు మూసుకుంటే
నెలలుగా చెవిలో ఉన్న ఈగ
ఎగిరిపోయినట్టుంది.
అప్పుడు వినపడింది ఊట,
ఎవరో చీకట్లో చెంబెత్తి తాగుతున్నట్టు.
ఒక కప్ప, ఎక్కడినుంచి దిగిందో, డ్యూటీలో చేరింది.
చెప్పులు విడిచి దిగినా.
పాదం. చీలమండ. పిక్క.
ఇనుప చువ్వల నడుమ నీళ్లు నల్లగా లేస్తున్నాయి.

ఫోనులో సుంకమ్మను లేపి
ఫోను నీళ్ల దగ్గర పెట్టినా.
"ఏం సద్దు అది?"
"నీళ్లు."
"యాడివి?"
"ఊరికే వచ్చేవి."
కొంచేపు ఆ పక్క ఊపిరి మాత్రమే.
తర్వాత అడిగింది, "జీతం పడిందా?"

నలభై నిమిషాలు.
ఆ మీదట మీట నొక్కినా.

పొద్దున గోడ మీద తడి గీత చూపించి
"ఇదేంది?" అన్నాడు సుహాస్ సారు.
"ఊట జాస్తిగా వచ్చింది సార్."
అబద్ధమైతే కాదు.
ఇంకో పంపు తెప్పించినాడు.

ఆ గోడకు రంగేసి
కార్ల నెంబర్లు రాస్తారంట.
గీత ఎంత ఎత్తో నన్నడగండి:
మోకాలికి నాలుగు వేళ్లు కింద.