ఎడమచేతి సాన

తియేర్ ఊళ్లో వీధులన్నీ ఏటవాలే.
ఉత్తరాల సంచీతో ఎక్కీ దిగీ
ఏ మెట్టు ఎక్కడ అరిగిందో నా మోకాళ్లకి తెలుసు.
అన్సెల్మ్ ఇల్లు చిట్టచివర,
దురోల్ ఏరు రాళ్లని తిట్టుకుంటూ పోయే చోట.

సంతకం పెట్టమంటే ముందు కలం వెతకడు,
సొరుగు లాగుతాడు.
పాత బిలియర్డ్స్ బల్ల మీంచి ఒలిచిన పచ్చగుడ్డ,
దాని మీద మడత కత్తులు
చలికి కాళ్లు ముడుచుకు పడుకున్నట్టు.
"నలభై మూడు. నిన్నటికి నలభై రెండే."

ఒకదానికి పొట్టేలు కొమ్ము పిడి.
ఒకదానికి, కూలగొట్టిన బడిలో నల్లబల్ల చట్రం.
ఒకదానికి వాళ్లమ్మ వంటింటి బల్ల మీది నీలం ఫార్మైకా,
వేడి గిన్నె పెట్టిన మచ్చతో సహా.
మచ్చ సరిగ్గా బొటనవేలి కిందికి వచ్చేట్టు కోశాడు.

సంతలో కొన్నదాన్ని ముందు విప్పుతాడు.
మూడు మేకులు ఊడగొడితే
ఎవరిదో జేబు బయటపడుతుంది:
ఉన్ని నూగు, పొగాకు పొడి,
ఎండి రాయైపోయిన జున్ను,
ఒకసారి ద్రాక్ష గింజ.
పారెయ్యడు. అగ్గిపెట్టెల్లో వేసి తారీకు రాస్తాడు.
పిచ్చి కాదూ అంటే, పిచ్చే అంటాడు.

కొత్త పిడి బిగించాక చెవి దగ్గర పెట్టి మూస్తాడు.
టక్.
నాకు అన్నీ ఒకటే టక్.
ఆయనకి ఒకటి గొళ్లెం పడ్డట్టు,
ఒకటి మంచు బరువుకి విరిగిన కొమ్మ,
ఒకటి వాళ్ల మేనత్త పళ్లు కొరికినట్టు.
ఈమధ్య చెవులు మందగించాయి.
ఇప్పుడు బొటనవేలితో వింటున్నాడు.

వాళ్ల నాన్న సానపట్టేవాడు.
ఏటి మీద పలక, పలక మీద బోర్లా మనిషి,
ముక్కు కింద గిర్రున తిరిగే తడి రాయి.
చలి ఎముకల్లోకి దిగకుండా
కాళ్ల మీద ఒక కుక్క పడుకునేది.
దాని ఉద్యోగం అదే. జీతం రొట్టె చివర.

ముప్పై ఏళ్లలో ఒక్క పూర్తి కత్తి
ఆయన చేతిలోంచి వెళ్లలేదు.
ఇనుము కాచేది ఒకడు, చిల్లు పొడిచేది ఒకడు,
పిడి ఇంకో కొండ మీద ఇంకెవరో.
ఇంట్లో రొట్టె కోసుకుంది మాత్రం
పిడి ఊడిపోయి గుడ్డ చుట్టిన కత్తితో.

"నాన్నది ఎడమచేతివాటం."
అలుగుని కిటికీ వెలుగులోకి వంచాడు.
"గీతలు ఇటు వాలాయి, చూడు."
నాకు గీతలే కనబడలేదు.
"ఇలాంటివి పదకొండు దొరికాయి. కాదు, తొమ్మిదనుకో.
ఒట్టేసి చెప్పమంటే, ఒకటి."
ఆ ఒకటి ఏదో అడిగితే
కాఫీ పొంగుతోందని లోపలికి పోయాడు.

మార్చిలో చెప్పాను, మోకాళ్లు ఓడిపోయాయని,
పై వారం నుంచి ఈ వీధికి కొత్త కుర్రాడొస్తాడని.
సొరుగు లాగాడు. చాలాసేపు లాగే ఉంచాడు.
పసుపుచెక్క పిడిది తీసి బల్ల మీద పెట్టాడు,
చేతికివ్వలేదు.
"నాణెం పడెయ్. కత్తి ఊరికే పుచ్చుకుంటే
చుట్టరికం తెగుతుంది."

జేబులన్నీ తడిమాను.
సూపర్ మార్కెట్ బండికి వేసే
ప్లాస్టిక్ బిళ్ల ఒక్కటే దొరికింది.
దీపం దగ్గరకి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పాడు,
పంటితో కొరికి చూశాడు,
అగ్గిపెట్టెలో వేసి తారీకు రాశాడు.

వంతెన దగ్గర కూర్చుని
సంచీలో మిగిలిన బేరిపండు కోశాను.
బాగా మగ్గింది. రసం కీలులోకి కారింది.
తుడవలేదు.
మూసి జేబులో వేసుకున్నాను.